కిలో కలెక్టరు ఎంత?

మన పెద్దలు ముద్దొస్తే ‘కలెక్టరువి కావాలిరా’ అని దీవిస్తారు, ఒళ్లు మండితే ‘వచ్చాడండీ పెద్ద కలెక్టరు’ అంటారు. ఇంత బరువు మోస్తున్న ఈ మాటకు పుట్టింట్లో ఉన్న అర్థం వట్టి వసూలుదారు. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్ జిల్లాలకు కలెక్టర్లను వేసింది శిస్తు రాబట్టడానికే. 1800లో సీమ వైపు దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పనీ అదే. కాకపోతే ఆయన ఏడేళ్లు ఊరూరా తిరిగి, రైతుల మాట విని శిస్తు నిర్ణయించేసరికి, జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వసూలుకొచ్చినవాడి పేరు కొడుక్కి పెట్టుకోవడం సీమవాళ్లకే చెల్లింది!

నిజాం ఏలుబడిలో ఆ కుర్చీ అవ్వల్ తాలూక్‌దారుది. పలకడం కష్టమే గానీ, తప్పు రాసే భయమన్నా ఉండేది కాదేమో. మనకు కలెక్టరు, కలెక్టర్, కలక్టరు మూడూ ఒకే అర్జీలో కనిపిస్తాయి. మా నాయనమ్మ ‘కలట్టేరు’ అనేది. ఆవిడ నోట వింటే హోదా ఇంకో మెట్టు ఎక్కినట్టుండేది.

ఇంగ్లీషులో చివర ఈ-ఆర్ పెట్టాలా, ఓ-ఆర్ పెట్టాలా అన్నది ఇంకో పేచీ. దీనికి నా దగ్గరో సూత్రముంది. మన జేబులో చెయ్యి పెట్టేవాళ్లంతా ఓ-ఆర్: డాక్టర్, కండక్టర్, కాంట్రాక్టర్, ఆఖరికి టైలర్. ఒళ్లొంచి పనిచేసేవాళ్లు ఈ-ఆర్: డ్రైవర్, క్లీనర్, కాంపౌండర్. లాయర్ కూడా పోయి ఈ-ఆర్‌లో కూర్చున్నాడంటే, అదేదో చట్టంలో లొసుగు.

నూజివీడు వైపు తోతాపురి మామిడికి కలెక్టరని పేరు. అక్కడ వేసవిలో బండి ముందు నిలబడి ‘కిలో కలెక్టరు ఎంత?’ అని దర్జాగా బేరమాడొచ్చు. కలెక్టరును ముక్కలు కోయించి ఉప్పూ కారం జల్లించుకోవచ్చు. కలెక్టరేటుకు అర్జీ పట్టుకెళ్లి గంటలకొద్దీ వరసలో నిలబడినవాడికి ఆ ముక్క ఇంకాస్త రుచిగా ఉంటుంది.

అమెరికాలో మాత్రం కలెక్టరంటే బాకీల కోసం ఫోన్లు చేసి పీడించే మనిషి. అక్కడున్న మా పిన్ని కొడుకు ఓ రాత్రి ‘కలెక్టర్ ఒకటే ఫోన్లమ్మా’ అని వాపోయాడు. తెల్లారేసరికి పిన్ని వీధంతా చాటేసింది. బాబాయి బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కుని, గొంతు తగ్గించి అడిగాడు: “ఎంతరా బాకీ?”