నాగవల్లి సర్వీసు రిజిస్టరు

'చంద్రముఖి' సినిమాకు ఇంకో పార్టు తీస్తారని, పాత బంగళా తలుపు ఇంకోసారి తెరుస్తారని వార్త మీరూ చదివే ఉంటారు. హీరో ఎవరు, పాతవాళ్ళలో ఎవరిని ఉంచుతారు, ఎవరిని పీకేస్తారు అని ఊళ్ళో వారం నుంచి పందేలు నడుస్తున్నాయి. ఆ జోలికి నేను పోను. నాకు మండింది వింజమూరు బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర విన్న ఒకే ఒక్క మాటకు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడు. 'చంద్రముఖి'ని పదకొండుసార్లు చూశాడట. గ్లాసు బల్లమీద పెట్టి, హైకోర్టు జడ్జీలా తీర్పు చెప్పాడు.

"రోగమని తేల్చేస్తే ఒక్క పార్టుతో అయిపోద్ది మామా. దెయ్యమే అన్నామనుకో, ఎన్ని పార్టులైనా తియ్యొచ్చు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అలవాటు కొద్దీ నేనూ ఊపాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ ఎక్కడ కాలిందో తెలియలేదు.

ముప్పయ్యేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి. ఎవరి సంగతైనా సర్వీసు రిజిస్టరు తిరగేస్తే తప్ప నా బుర్రకెక్కదు. అందుకని అటకమీద మిగిలిన ఖాళీ పుస్తకం ఒకటి దించి, దుమ్ము దులిపి, అట్టమీద రాశాను: నాగవల్లి, ఉరఫ్ చంద్రముఖి, ఉరఫ్ మంజులిక. హోదా: బంగళా దెయ్యం.

మొదటి పేజీ, స్వస్థలం. ఇక్కడే చిక్కొచ్చిపడింది. ఈ పోస్టు మొదట శాంక్షనయింది 1993లో, మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళ్'లో. అప్పుడు దెయ్యం తమిళ పిల్ల. మలయాళం మాట్లాడే ఇల్లాలు ఉన్నట్టుండి తమిళం అందుకుంటుంది, హాల్లో జనం బిగుసుకుపోతారు. 2004లో కన్నడంవాళ్ళు 'ఆప్తమిత్ర' తీసేటప్పుడు ఆ ఉద్యోగానికి తెలుగు పిల్లను పెట్టుకున్నారు. 2005లో రజనీకాంత్ 'చంద్రముఖి' వచ్చింది. తమిళ దెయ్యం తమిళులనేం భయపెడుతుంది? అక్కడా తెలుగు పిల్లే. అందుకే 'రారా' పాట కన్నడ సినిమాలోనూ తెలుగే, తమిళ సినిమాలోనూ తెలుగే. 2007లో హిందీవాళ్ళు 'భూల్ భులయ్యా'కి బెంగాలీ పిల్లను తెచ్చుకున్నారు.

రూలు అర్థమయింది కదా. దెయ్యమెప్పుడూ పరాయి రాష్ట్రం నుంచి వలసొచ్చిన ఆడమనిషే. వానలు మొహం చాటేసిన ఏడు మా మెట్ట ఊళ్ళ నుంచి జనం చెన్నైకో బెంగుళూరుకో మూట కట్టినట్టే, మన దెయ్యమూ కట్టింది. బేల్దారి పనికి పోయినవాడు నాలుగు రాళ్ళు తెచ్చుకుని సంక్రాంతికి తిరిగొస్తాడు. ఈమెకు ఆ యోగం లేదు. అంతా చేసి 'చంద్రముఖి' డబ్బింగై ఇంటికొస్తే, ఇక్కడ రాజూ తెలుగే, వంటవాడూ తెలుగే, డాక్టరూ తెలుగే. సొంతూళ్ళో ఆమె భాషకు భయపడేవాడే లేకపోయాడు. వలసపోయి తిరిగొచ్చినవాళ్ళకు ఊళ్ళో జరిగే మర్యాద తెలిసిందేగా.

విజయనగరం నుంచి తెచ్చారని కథలో చెబుతారు. అది హంపీ విజయనగరమో, ఉత్తరాంధ్ర విజయనగరమో రిజిస్టరులో స్పష్టంగా లేదు. హంపీదే అయితే మాకు హక్కుంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి మా ఉదయగిరి దుర్గాన్ని లాక్కున్నాక ఈ సీమంతా విజయనగరమే కదా! ఆ లెక్కన పిల్ల మా తాలూకాదే అయ్యుండాలి. లోకల్ స్టేటస్ ఇవ్వాలంటే నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివిందో స్టడీ సర్టిఫికెట్లు జతచేయాలి. చెయ్యలేదు. ఫైలు పెండింగు.

రెండో పేజీ, విధుల స్వభావం. ఒకటి, రాజుగారు తీసుకొస్తే రావడం. రెండు, కోరి ప్రేమించినవాడి తల రాజుగారు నరికిస్తే నిలబడి చూడడం. మూడు, బతికుండగానే కాలిపోవడం. నాలుగు, ఏటా దుర్గాష్టమికి పగతో హాజరుపట్టీలో సంతకం పెట్టడం. ఈ నాలుగో పనికి మాత్రమే ఈలలు పడతాయి. మొదటి మూడింటికీ జనం పాప్‌కార్న్ కోసం లేస్తారు.

జీతం కాలమ్ ఖాళీ. టీఏ లేదు, డీఏ లేదు. డెప్యుటేషన్ మీద ఆ కుర్చీలో కూర్చున్న నటీమణులకు మాత్రం మర్యాదలు దక్కాయి. శోభనకు జాతీయ అవార్డు వచ్చింది. జ్యోతిక కళ్ళు జనం ఇంకా మరిచిపోలేదు. సౌందర్య పేరు దగ్గర నా కలం ఆగింది. 2004 ఏప్రిల్ 17న ఆమె విమానం కూలిపోయింది, 'ఆప్తమిత్ర' ఆ తర్వాత విడుదలయింది. కన్నడ పిల్ల మన ఇంటి ఆడపడుచయి, కన్నడంలో తెలుగు దెయ్యంగా ఆడి, తన ఆట తనే చూసుకోకుండా పోయింది. ఆ గడిలో ఏమీ రాయబుద్ధి కాలేదు, వదిలేశాను.

రాజుగారి రిజిస్టరు కూడా తెరవాల్సింది. ఇద్దరిని చంపిన అధికారి మీద ఒక్క చార్జిమెమో లేదు, సస్పెన్షన్ లేదు. పైగా ప్రమోషన్. ఆయన 'లకలక' అంటే చాలు, అభిమానులు కుర్చీలెక్కుతారు. 2010లో వెంకటేశ్ 'నాగవల్లి' వచ్చేసరికి, నూరేళ్ళు దాటిన రాజు ఇంకా బతికే ఉన్నాడని తేల్చారు. మా ఆఫీసులో అయితే పెన్షనరు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే డబ్బు ఆపేసేవాళ్ళం. ఈయనను అడిగిన నాథుడు లేడు.

ఇలా రాసుకుంటూ పోతుండగా రిజిస్టరు మధ్యలోంచి ఓ కాగితం జారిపడింది. చేతిరాత గుండ్రంగా, చక్కగా ఉంది.

"గౌరవనీయులైన నిర్మాత, దర్శకుల సముఖమునకు. తమ బంగళాలో పనిచేయు నాగవల్లి వ్రాసుకొను విన్నపము. అయ్యా, తెలుగు దెయ్యముగా 2004 మొదలు నేటివరకు మూడు భాషలలో సెలవు లేకుండా పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణకు కావలసిన ఇరవై ఏండ్ల సర్వీసు పూర్తి చేసుకొని యున్నాను. ప్రతి భాగము చివర నన్ను కాల్చుచున్నారు. ప్రతి భాగము మొదట మరల లేపుచున్నారు. ఒళ్ళు సహకరించుట లేదు. ఒళ్ళే లేదు. కావున దయయుంచి నన్ను చావనివ్వగలరని ప్రార్థన."

అభిమానుల అభ్యంతరం దాని వెనకే పిన్ను గుచ్చి ఉంది. ఆమెను వదిలేస్తే తమ ఉపాధి పోతుందట. పాలాభిషేకానికి తెచ్చిన పాలు ఏం చేసుకోవాలట. ఒకవేళ రిటైర్మెంటు తప్పదంటే, కారుణ్య నియామకం కింద ఆమె చెల్లెలినో కూతురినో పెట్టాలట. షూటింగు ఉదయగిరి కోటలో జరిపితే రాళ్ళు మోయడానికి తాము సిద్ధమట. (ఎండాకాలం ఆ కొండెక్కి చూడండి నాయనా, దెయ్యమే మంచినీళ్ళడుగుతుంది.) పైన ఎర్రసిరాతో ఉత్తర్వు: విన్నపము తిరస్కరించడమైనది. సర్వీసు తదుపరి భాగము వరకు పొడిగించడమైనది.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. చివరి పేజీలో 'ఇతర సిబ్బంది' దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఆ బంగళాకు మొదట్నుంచీ ఇంకో పోస్టు ఉంది. డాక్టరు పోస్టు. 1993లో మోహన్‌లాల్ వేసిన డాక్టర్ సన్నీ. 2005లో రజనీకాంతూ డాక్టరే. 2007లో హిందీ హీరో కూడా డాక్టరే. ఆ కథ బతికింది ఆ డాక్టరు వల్ల. బంగళా నిండా మంత్రాలు, తాళాలు, గజ్జెల చప్పుడు పెట్టి, చివరికి అతను ఒకటే మాట తేలుస్తాడు. దెయ్యం లేదు, ఈ ఇల్లాలికి జబ్బు చేసింది, నయమవుతుంది. ఒక్క రాత్రి ఆటాడించి నయం చెయ్యడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదనుకోండి. సినిమా కదా, క్షమించేశాం. కానీ ఆ ఒక్క మాట చెప్పినందుకు, చదువురాని మా అమ్మ కూడా హాల్లోంచి బయటికొస్తూ, "అయితే అది రోగమా!" అంది.

సీక్వెళ్ళు ఆ మాటను దిద్దుకుంటూ వచ్చాయి. 2010లో డాక్టరు ఉన్నాడు గానీ, రాజూ పగా నిజమైపోయి ఆయన పరువు సగం పోయింది. 2022 హిందీ రెండో భాగంలో ఆ కుర్చీలో దొంగ బాబా కూర్చున్నాడు. 2023 'చంద్రముఖి 2'లో దెయ్యం అచ్చంగా దెయ్యమే. పోస్టు రద్దు. టీ కొట్టు కుర్రాడి లెక్క తప్పని ఎలా అంటాను? జబ్బు నయమైతే కొట్టు కట్టెయ్యాలి. దెయ్యమైతే కొట్టుకు కొట్టు, పార్టుకు పార్టు.

బంగళా బయట లెక్క వేరు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో, మతి చెడిందని తెచ్చి వదిలిన మనుషులున్న పాకకు నిప్పంటుకుంది. పారిపోదామంటే కాళ్ళకు గొలుసులు. 28 మంది కాలిపోయారు. మలయాళం సినిమా వచ్చిన ఎనిమిదేళ్ళకు, తమిళ రీమేకు రావడానికి నాలుగేళ్ళ ముందు. ఆ 28 మందిలో ఎవరూ పగతో తిరిగి రాలేదు, ఎవరి మీదా పార్టు టూ రాలేదు. మానసిక రోగిని గొలుసుతో కట్టెయ్యకూడదని 2017 చట్టంలో రాసుకున్నాం. రాసుకున్నాం, అంతే. మీకు పార్టులు కావాలి. ఆ పార్టులు ఎవరి ఇళ్ళలో ఆడుతున్నాయో తెలుసా? బాలింత పిచ్చిచూపులు చూస్తే గాలి సోకిందని వేపమండలతో కొట్టే ఇళ్ళలో. మీరు ఈలేసిన ప్రతిసారీ ఆ మండ ఇంకో దెబ్బ వేస్తుంది. నేను కూడా ఈలేశాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మొన్న ఆత్మకూరు బస్సులో నా ముందు సీట్లో ఓ తల్లీ కూతురూ. పిల్లకు పద్దెనిమిదో పంతొమ్మిదో. రెండు చేతులూ తువ్వాలుతో కలిపి కట్టి ఉన్నాయి, ముడి మీద తల్లి తన చెయ్యి వేసి ఉంచింది. పిల్ల కిటికీలోంచి చూస్తూ తనలో తను మాట్లాడుకుంటోంది. కలిగిరి దగ్గర ఎక్కిన కుర్రాళ్ళలో ఒకడు ఫోను తీశాడు. ఇంకొకడు ఆ పిల్ల మొహం మీదికి వంగి "లకలక" అన్నాడు. బస్సు నవ్వింది. కండక్టరు కూడా.

తల్లి నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కుర్రాడి వైపు తిరిగి అడిగింది. "నాయనా, ఆ సినిమాలో ఆ బిడ్డకి నయమైందంట గదా. ఆ డాక్టరు ఏ ఊళ్ళో ఉండాడు?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను నా టికెట్టు వెనక 14416 అని, మానసిక వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను నంబరు, రాసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, నా వైపు చూసింది.

"ఇంతవుద్దా సామీ?"