నా ఎత్తు 3.60 మీటర్లు

నా కాళ్ళు రెండూ పాత రైలు పట్టాలు. ఏళ్ళ తరబడి రైళ్ళని మోసి అరిగిపోయాక వాటిని పీకి ఓ పక్కన పడేశారు. తర్వాత గ్యాసుతో కోసి, నిలువునా పాతి, నెత్తిన ఇంకో ముక్కని అడ్డంగా వెల్డింగ్ చేశారు. నలుపూ పసుపూ చారలు పూశారు. నడిమధ్య తెల్లరేకు మీద '3.60 మీ.' అని రాశారు. కాగితాల్లో నా పేరు హైట్ గేజ్. ఊరివాళ్ళకి ఇనుప కమానుని. లారీ డ్రైవర్లు నాకు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి గానీ అవి అచ్చుకి పనికిరావు.

నేనుండేది పల్నాడులో, గుంటూరు నుంచి నడికుడి పోయే రైలుమార్గం పక్కన. నాకు ఇరవై అడుగుల వెనక రైలుకట్ట కింద సిమెంటు పెట్టెలాంటి దారి ఉంది. దాని కప్పుకి ఏ బండీ తగలకుండా, ముందే ఆ దెబ్బేదో నేను తినాలి. అదే నా ఉద్యోగం.

ఒకప్పుడు ఇక్కడ కాపలా లేని గేటు ఉండేదట. గేటంటే గేటు కాదు, రెండు పక్కలా రెండు బోర్డులు, మధ్యలో మన ప్రాణం. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర అలాంటి చోటే స్కూలు బస్సుని రైలు గుద్దింది. పసిపిల్లలు పోయారు. ఆ తర్వాత అలాంటి గేట్ల మాటెత్తితేనే జనం గుండెలు బాదుకునేవాళ్ళు. 2019 జనవరి చివరికల్లా దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద వాటిని పూర్తిగా ఎత్తేశారు. కొన్నిచోట్ల కాపలా మనుషుల్ని పెట్టారు, కొన్నిచోట్ల గేటు మూసేశారు, ఇంకొన్నిచోట్ల కట్ట కింద దారి తవ్వారు. దారి పుట్టినచోట నేనూ పుట్టాను. వానాకాలం ఆ దారిలో మోకాలి లోతు నీళ్ళు నిలబడతాయి. ఆ సంగతి ఎత్తితే ఊరివాళ్ళు ఇప్పట్లో ఆపరు, అందుకని వదిలేస్తున్నా.

నా కింద నుంచి పొద్దున్నే పాల క్యాన్ల బైకులు పోతాయి, తర్వాత స్కూలు ఆటోలు, పొలాలకి ట్రాక్టర్లు, పెళ్ళిళ్ళ రోజుల్లో కార్లు. వాటితో నాకే పేచీ లేదు. పేచీ అంతా వాటిలో కూర్చున్నవాళ్ళ జేబుల్లోని ఫోన్లతోనే. ఎందుకో చెబుతాను.

సాయంత్రం పూట నా దిమ్మె మీద కూర్చుని కుర్రాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నలు అందితే ఫోను తానెక్కడుందో లెక్క కట్టుకుంటుందట. జీపీఎస్ అంటే అంతవరకే. నువ్వు ఫలానా చోట ఉన్నావు అంటుంది, అటు పో అనదు. పొమ్మనేది మ్యాపు. ఏ రోడ్డు మీద ఫోన్లు చకచకా కదులుతుంటే ఆ రోడ్డు ఖాళీగా ఉన్నట్టు లెక్క. మా దారిలో రోజంతా ఫోన్లు చకచకా కదులుతూనే ఉంటాయి. హైవేకి పోవాలంటే ఊరు చుట్టి రావడం కన్నా ఇదే దగ్గర. ఇంకేం, పాలబ్బాయి జేబులోని ఫోను అతనికి తెలియకుండానే లారీలకి సాక్ష్యం చెబుతోంది: రండి, ఈ దారి బాగుంది అని.

అబద్ధం కాదు, పాలబ్బాయికి బాగానే ఉంది మరి.

మూడేళ్ళ క్రితం పత్తి సీజన్లో ఒక రాత్రి సంగతి. టీఎన్ 28 నంబరు, నామక్కల్ బండి, పది టైర్లది. పక్క ఊరి జిన్నింగ్ మిల్లులో నూరు బేళ్ళు ఎత్తుకుని కోయంబత్తూరు పోతోంది. బేలు 170 కిలోలు, మొత్తం 17 టన్నులు. పది టైర్ల బండికి 2018 నుంచి సరుకుతో కలిపి ఇరవై ఎనిమిదిన్నర టన్నుల దాకా అనుమతి, కాబట్టి బరువు దగ్గర ఏ తప్పూ లేదు. కాటా చీటీ డ్రైవరు జేబులో భద్రంగా ఉంది. బరువుకి చీటీ ఇస్తారు గానీ ఎత్తుకి ఎవరిస్తారు? బాడీ మీద ఇంకో వరస బేళ్ళు పేర్చి, పట్టా కప్పి, తాళ్ళు బిగించాక ఆ బండి ఎంత ఎత్తుందో మిల్లువాళ్ళకీ తెలీదు, డ్రైవరుకీ తెలీదు. అద్దానికి అంటించిన ఫోనుకి అసలే తెలీదు. దాన్లో కారు బొమ్మ ఉంది, బైకు బొమ్మ ఉంది, నడిచే మనిషి బొమ్మా ఉంది. లారీ బొమ్మ లేదు.

రాత్రి రెండు గంటలు. మలుపు తిరిగొచ్చిన ఆ బండి లైట్లు నా మీద పడ్డాయి. ఫోను అరవంలో ఏదో చెబుతోంది, నీలం గీత నేరుగా నా కింద నుంచే పోతోంది. నన్ను చూసి డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. పదిహేడు టన్నులు అంత తేలిగ్గా ఆగుతాయా! పట్టా చిరిగిన చప్పుడు ముందు, ఇనుము వంగిన చప్పుడు తర్వాత. ఆ వంగింది నా నెత్తి మీది అడ్డకమ్మీ. పై వరసలో బేలొకటి పక్కకి ఒరిగింది.

మోటారు వెయ్యడానికి పొలానికొచ్చిన రైతు టార్చిలైటుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా, ఇటెట్టా వచ్చావు? మలుపు కాడ ఎవర్నన్నా అడక్కపోయావా?"

"రాత్రి రెండు గంటలకి ఎవర్ని అడగాల అన్నా?"

ఆ మాటకి రైతు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పగలైతే మలుపు దగ్గర టీకొట్టు పిన్ని ఉంటుంది. లారీ స్లో అయితే చాలు, దారి అడక్కముందే చెయ్యి అడ్డంగా ఊపుతుంది. బండిని ఒక్కసారి కింద నుంచి పైకి చూసి, పోతుందో పోదో చెప్పేస్తుంది. ఫోను ఎన్నడూ చెయ్యనిది ఆ ఒక్క చూపే.

టైర్లలో గాలి తీస్తే దిగుతుందేమో అన్నాడు రైతు. డ్రైవరు తాడేసి కొలిచాడు. గాలి తీస్తే దిగేది రెండంగుళాలు, తేడా మూరెడు. ఇక వెనక్కే. తిప్పుకునే జాగా వాటర్ ట్యాంకు దగ్గర, అరకిలోమీటరు అవతల. రోడ్డుకి రెండు పక్కలా పత్తిచేలు, బోదె కాలవలు. క్లీనరు కుర్రాడి దగ్గర టార్చి లేదు. అద్దానికున్న ఫోను పీకి, దాని లైటు వేసుకుని వెనక నడిచాడు. రెండో చేత్తో బాడీ మీద కొడుతూ కేకలు. రెండు దెబ్బలు కొడితే రమ్మని, ఒకటి గట్టిగా కొడితే ఆగమని. ఆ అరకిలోమీటరు పోవడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ వాడి చేతిలో ఫోను వెలుగుతూనే, సందు దొరికినప్పుడల్లా వెనక్కి తిరగమని చెబుతూనే ఉంది. చెప్పిందే చెప్పింది, కాకపోతే మొదటిసారి సరిగ్గా చెప్పింది.

నాకంటే అధ్వానంగా దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. కుర్రాళ్ళు వీడియోల్లో చూస్తుంటారు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ ఊళ్ళో రైలు వంతెన ఒకటుంది. ఒకప్పుడు దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు, దాదాపు నా ఎత్తే. లారీల కప్పులు డబ్బా మూత ఒలిచినట్టు ఒలిచేస్తుంది. 2019లో దాన్ని ఎనిమిదంగుళాలు పైకెత్తారు. అయినా గుద్దుతూనే ఉన్నారట. ఇక మన దగ్గర, 2023 డిసెంబర్‌లో సిద్దిపేట జిల్లాలో ఒక లారీ ఫోను చూపిన దారినే పోయి గౌరవెల్లి రిజర్వాయరు నీళ్ళలోకి దిగింది. ప్రాజెక్టులో మునిగిన రోడ్డు ఫోనులో ఇంకా మునగలేదు.

డ్రైవర్ని తిట్టడం తేలిక. ఓనరు గంటకోసారి ఫోను చేస్తాడు, డీజిలు లెక్క అడుగుతాడు. టోలు తప్పించుకుంటే మిగిలేది డ్రైవరు భోజనం ఖర్చు. కొత్త రాష్ట్రం, రాని భాష, చదవలేని బోర్డులు. అతనికి ఫోను తప్ప దిక్కెవరు? నాకు కోపమల్లా నా అంకె మీద. ఆ 3.60 నా ఒంటి మీదే ఉంది. అది కనపడేసరికి లారీ నా ముందు ఉంటుంది. ఉండాల్సింది రెండున్నర కిలోమీటర్ల అవతల, హైవే వైపు పోయే మలుపు దగ్గర. కట్టది ఒక శాఖ, రోడ్డుది ఇంకో శాఖ, మలుపు ఎవరిదో ఎవరికీ పట్టలేదు.

చివరికి టీకొట్టు పిన్నే పట్టించుకుంది. నూనె డబ్బా రేకు సాపు చేయించి 'లారీలు పోవు' అని రాయించి కొట్టు స్తంభానికి కట్టింది. తమిళం వాళ్ళూ హిందీ వాళ్ళూ అదేం చదువుతారు అని ఆరో తరగతి చదివే మనవరాలు దాని కింద లారీ బొమ్మ గీసి, ఎర్రగా ఇంటూ కొట్టి, పక్కన 3.60 అని వేసింది. బొమ్మలో టైర్లు నాలుగే ఉన్నాయి, ఫర్వాలేదు. అది కట్టాక రెండేళ్ళలో నన్ను గుద్దింది ఒకే ఒక్క బండి.

మొన్నటి వానలకి ఆ ఎరుపు వెలిసిపోయింది. పత్తి సీజను దగ్గరకొస్తోంది. అటుగా పోయేవాళ్ళెవరి దగ్గరైనా ఎర్ర పెయింటు ఉంటే, బండాపి ఆ ఇంటూ గుర్తు ఒకసారి దిద్దిపొండి. టీ పిన్ని ఇస్తుంది.