బీఎమ్ఐలో డిస్టింక్షన్

చదువుకునే రోజుల్లో లెక్కల్లో నాకు 35 దాటిన సందర్భాలు తక్కువ. అలాంటిది నలభై ఏడేళ్ల వయసులో 42.7 వచ్చింది. బరువు 104 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. ఎత్తును మీటర్లలో రాసి వర్గం కట్టి, దాంతో కిలోలను భాగిస్తే వచ్చేదే బీఎమ్ఐ. బరువు తగ్గించే ఆపరేషన్‌కి బీమా కంపెనీ డబ్బివ్వాలంటే, ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం ఆ అంకె 40కి తగ్గకూడదు. 35 ఉన్నా సరేగానీ, దానికి తోడు మందులకు లొంగని షుగరో, గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బో గట్టిగా ఉండాలి. నాకు తోడూనీడా అక్కర్లేకపోయింది. సొంత మెరిట్ మీదే సీటొచ్చింది.

"ఆపరేషన్‌కి ముందు డైట్ చేయిస్తారటండీ. తగ్గిపోయి నలభై లోపుకొచ్చేస్తే క్లెయిమ్ ఇవ్వరేమో!" అని మా వారి దగ్గర బెంగపడ్డాను.

"దానికి ఏడు కిలోలు తగ్గాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు ఏడు కిలోలు తగ్గిందెప్పుడు? నిశ్చింతగా ఉండు" అన్నారాయన. ఆయన 58 కిలోలు. తినేది నా వంటే.

అసలు ఆపరేషన్ దాకా ఎందుకొచ్చానంటే, కొబ్బరినూనె తాగే డైటు, ఉలవచారు డైటు, పొద్దున్నే నిమ్మకాయ తేనె, అన్నీ అయిపోయాయి. 2025లో మన దేశంలోకొచ్చిన మౌంజారో ఇంజెక్షన్ గురించి కూడా వాకబు చేశాం. వారానికొకటి పొడిపించుకోవాలి, మానేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ అన్నారు డాక్టరుగారు. మా వారు కాలిక్యులేటర్ తీసి, కాసేపు నొక్కి, మాట్లాడకుండా లోపల పెట్టేశారు. చివరికి మనసు గట్టిపడింది మాత్రం టైలర్ దగ్గర. చీరతో వచ్చే జాకెట్టు ముక్క నాకు చాలడం ఏనాడో మానేసింది. వీపుకొకటి, చేతులకొకటి అతుకులేసి నెట్టుకొస్తున్నాడు. మొన్న మా అమ్మాయి నిశ్చితార్థం పట్టుచీర చేత్తో కొలిచి, "అమ్మగారూ, ఈసారి పమిట కొంగులోంచి తీద్దామాండీ?" అన్నాడు.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీశారు. దీన్ని స్లీవ్ అంటారట. పొట్టలో ముప్పావు వంతుకు పైనే కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనేనట. "మిగిలేది అరటిపండంత గొట్టం. కోసింది మళ్లీ అతకదు, ఆలోచించుకోండి" అన్నారు.

నా పుట్టిల్లు రావులపాలెం. అరటి గెలల మధ్య పెరిగినదాన్ని. "ఏ అరటిపండండీ? చక్రకేళా, కర్పూరమా, అమృతపాణా?" అన్నాను.

"సన్నదే అనుకోండి" అన్నారు.

ఇక పరీక్షలు. రక్తం, గుండె, థైరాయిడ్, ఎండోస్కోపీ సరే, రాత్రంతా ఒంటికి తీగలు తగిలించి స్లీప్ స్టడీ అని ఒకటి. బిల్లు చూసి మా వారు బాధపడ్డారు. "పాతికేళ్లుగా నేను చేస్తున్నది అదేగా! నన్నడిగితే ఉచితంగా చెప్పేవాణ్ని."

అన్నిటికంటే మనసు వైద్యుడి గదిలో ఎక్కువ సేపు పట్టింది. కోసేది పొట్టని, అడిగేది మనసునా అని విసుక్కుంటూ వెళ్లాను. "ఆకలేస్తే తింటారా? దిగులేస్తే తింటారా?" అన్నాడా కుర్ర డాక్టరు.

"మిగిలితే తింటానండి" అన్నాను.

పెన్ను పక్కన పెట్టి వివరంగా చెప్పమన్నాడు. చెప్పాను. మావాడు వదిలేసిన పెసరట్టు అంచు, అత్తయ్యగారు "చాలమ్మా" అని పక్కకు నెట్టిన పెరుగన్నం, నిన్నటి పులిహోర, గిన్నె సింకులో వేసేముందు గరిటెతో గీకితే వచ్చే ముద్దపప్పు. ఇవేవీ నా లెక్కలో భోజనం కావు. భోజనం తర్వాత విడిగా చేస్తాను. అన్నం పారేస్తే పాపం కదండీ అంటే, అవునూ కాదూ అనకుండా ఫైల్లో చాలాసేపు రాసుకున్నాడు.

బంధువులకి నిజం చెప్పడానికి మొహం చెల్లక, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, తీయించుకుంటున్నాం అని చెప్పాం. పైన తథాస్తు దేవతలు ఖాళీగా ఉన్నట్టున్నారు. స్కానింగ్‌లో నిజంగానే రాళ్లు కనిపించాయి. "దాన్నీ కలిపి తీసేద్దాం" అన్నారు సర్జన్ గారు. మా అత్తయ్యగారికి ఎంత తృప్తో! కోడలి తరఫున చెప్పిన అబద్ధం పాపం ఖాతాలోంచి పోయింది మరి.

ఆషాఢమంతా వీడ్కోలు సభలే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కదా, అది ఒకరోజు. తాపేశ్వరం మడత కాజాకొకరోజు, మా కాకినాడ గొట్టం కాజాకొకరోజు, ఆత్రేయపురం పూతరేకులకి రెండ్రోజులు. సభలు ముగిశాక కాటా 106 చూపించింది. మార్కులు 43.6కి పెరిగాయి.

శ్రావణంలో పడింది అసలు దెబ్బ. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అన్నం, పంచదార బంద్. లావుపాటి వాళ్లకి కాలేయంలో కొవ్వు పేరుకుని పొట్ట మీదికి వాలి ఉంటుందట. అది చిక్కితే గానీ పరికరాలకి దారి దొరకదట. వాయినాల్లో నానబోసిన శనగలు గంపలకొద్దీ వచ్చి పడుతుంటే, డైటీషియన్‌కి ఫోన్ చేసి "శనగలు ప్రోటీనే కదమ్మా?" అన్నాను. "పిండిపదార్థం కూడానండి" అని పెట్టేసింది. వరలక్ష్మీ వ్రతానికి పూర్ణాలు వండాను. జీవితంలో మొదటిసారి నైవేద్యం అచ్చంగా అమ్మవారికే పెట్టాను.

వచ్చే మంగళవారం ఆపరేషన్. మంగళవారమేమిటని అత్తయ్యగారు, సర్జన్ గారికి వేరే రోజు ఖాళీ లేదని మా వారు. తర్వాత కొన్నాళ్లు ద్రవాలు, ఆపైన మెత్తటి ముద్దలు, రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్, అన్నం మధ్యలో నీళ్లు తాగకూడదు, విటమిన్ మాత్రలు బతికున్నంత కాలం.

పరామర్శకి వచ్చే బంధుమిత్రులకి ఒక్క మనవి. దయచేసి కాజాలు తేకండి. మా వారు స్వీట్లు తినరు, అత్తయ్యగారికి షుగరు, పిల్లలకి కేకులే కావాలి. అవి మిగిలిపోతాయి.