బాయిలర్ ఎక్కడ పెట్టాలో అడిగేవాడేడీ?

మా రోజుల్లో ఇంట్లో బాయిలర్ మార్చాలంటే ఒక మనిషి వచ్చేవాడు. బూట్లు గుమ్మంలో దులుపుకొని లోపలికొచ్చి ముందు టీ తాగేవాడు. తర్వాత ఇల్లంతా కలయతిరిగేవాడు. గోడ మీద పిడికిలితో కొట్టి చప్పుడు వినేవాడు. నేల చెక్క ఒకటి లేపి, కింద గొట్టాలు ఎటు పోతున్నాయో టార్చి వేసి చూసేవాడు. అటకెక్కి ఒళ్ళంతా దుమ్ముతో దిగేవాడు. "ధర సోమవారం చెబుతాను" అని వెళ్ళిపోయి గురువారం చెప్పేవాడు. అది వేరే సంగతి.

ఇప్పుడు ఫోను తెరిస్తే నాలుగు ప్రశ్నలు. పడకగదులెన్ని, స్నానాలగదులెన్ని, రేడియేటర్లెన్ని, పోస్ట్‌కోడ్ ఏది. నాలుగో జవాబు నొక్కేసరికి తీర్పు వచ్చేస్తుంది: మీకు 30 కిలోవాట్ల కాంబీ బాయిలర్ (నీళ్ళు నిలవుంచకుండా అప్పటికప్పుడు కాచే రకం), ధర ఇంత, రేపే బిగిస్తాం. ఈ ఇంగ్లండులో ఇన్నేళ్ళు వైద్యం చేసినవాణ్ణి. రోగి మొహం చూడకుండా, నాడి పట్టకుండా నేనిలా మందు చీటీ రాసుంటే ఊరుకునేవారా?

ఈ జనవరిలో మా ఇల్‌ఫర్డ్ ఇంట్లో బాయిలర్ ప్రాణం విడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "పాతది తీసేసి, అదే చోట కొత్తది తగిలిస్తాం, డాక్టరు గారూ. ఒక్క రోజు పని." ఆ చోటు మంచిదా చెడ్డదా అని అడిగినవాడు లేడు. ఏ కంపెనీది, ఎన్నేళ్ళ గ్యారంటీ, యాప్ ఉందా అనేవి తర్వాతి మాటలు. అది ఎక్కడ కూర్చుంటుంది, పొగ ఎటు పోతుంది, కారే నీళ్ళు ఎటు వెళ్తాయి, స్నానాలగదికి ఎంత దూరం? ఇవి తేలకుండా కంపెనీ పేరు తలుచుకోవడమెందుకు?

చిన్నప్పుడు తెనాలిలో మా దొడ్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో బొగ్గులు, కొబ్బరి చిప్పలు, చుట్టూ నీళ్ళు. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే గానీ పక్క కొమ్ములోంచి చెంబెడు వేణ్ణీళ్ళు వచ్చేవి కావు. మా నాయనమ్మ బడికి వెళ్ళిన మనిషి కాదు. కానీ దాన్ని నిలబెట్టిన చోటు చూడాలి. స్నానాలగది గుమ్మానికి రెండడుగుల్లో, పొగ వంటింటి వైపు రాకుండా గాలివాటం చూసి, రాలిన బూడిద అంట్లు తోమే రాయి పక్కనే పడేలా, ఒలికిన నీళ్ళు అరటిపాదులోకి పోయేలా పెట్టించింది. ఈ లెక్కంతా ఒక ముసలావిడ వేలితో చూపించి చేయించింది. మా బాయిలర్ చూడ్డానికి ట్యాబ్లెట్ పట్టుకొచ్చిన కుర్రాడికి ఇది తట్టలేదు.

నేనీ దేశం వచ్చింది 1973 చలికాలంలో. కరెంటు పొదుపు పేరుతో టీవీ రాత్రి పదిన్నరకే కట్టేసేవారు. కొత్త సంవత్సరం రాగానే ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులే కరెంటు అన్నారు. కోతలు మన దగ్గరే అనుకుని విమానం ఎక్కినవాణ్ణి కదా, తెల్లబోయాను. అద్దెగదిలో గ్యాసు పొయ్యికి నాణెం మీటరు. బిళ్ళ వేస్తే మంట, అయిపోతే మంచు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పేరుకుని ఉండేది. సెంట్రల్ హీటింగ్ సగం ఇళ్ళలో కూడా లేని కాలం అది. కొత్తగా కట్టే ఇళ్ళ కోసం 1961లో పార్కర్ మోరిస్ కమిటీ చెప్పిన వెచ్చదనమే హాల్లో 18 డిగ్రీలు, వంటింట్లో 13. ఇప్పుడు 13 డిగ్రీలంటే మా మనవరాలు వీడియో తీసి పెడుతుంది.

ఆ రోజుల్లోనే ఇంకో పని జరిగింది. బొగ్గు నుంచి తీసే పాత గ్యాసు మానేసి ఉత్తర సముద్రపు గ్యాసుకు దేశం మొత్తాన్ని మార్చారు. 1967 నుంచి 1977 దాకా, సుమారు 1 కోటి 30 లక్షల మంది వినియోగదారులకు. గ్యాసు బోర్డు మనుషులు వీధి తర్వాత వీధి తిరిగి, ప్రతి ఇంట్లో ప్రతి పొయ్యికీ బర్నరు మార్చారు. అన్ని ఇళ్ళ గుమ్మాలు తొక్కగలిగిన దేశంలో ఇవాళ ఒక్క ఇల్లు చూడ్డానికి తీరిక లేదట!

మేం కొన్న ఇల్లు 1930లలో కట్టింది, ఒక పక్క గోడ పొరుగింటితో ఉమ్మడి. హాల్లో పొగగూడులో గ్యాసు మంట, ఆ మంట వెనక దాక్కుని బాయిలర్. పైన పడకగది పక్కన చిన్న గదిలాంటి అరలో రాగి సిలిండర్, దాదాపు 120 లీటర్లు పట్టేది. అటక మీద చన్నీళ్ళ తొట్టి. కుళాయి తిప్పితే అటక మీది నీళ్ళు సిలిండర్ అడుగుకు దిగి, పైనున్న వేడినీళ్ళను నెట్టేవి. నాయనమ్మ గరాటు పద్ధతే. ఆ అరను ఎయిరింగ్ కబ్బర్డ్ అంటారు. నవంబరు నుంచి మార్చి దాకా ఉతికిన బట్ట ఎండేది అందులోనే. మా ఆవిడ పెరుగు తోడుపెట్టేది, దోసెల పిండి పులియబెట్టేది అందులోనే. ఈ దేశంలో ఇడ్లీ పిండి జనవరిలో పొంగిన ఇళ్ళంటూ ఉంటే ఇలాంటి అర ఉన్నవే. బాయిలర్ మొరాయించినా సిలిండర్‌లో కరెంటు కడ్డీ ఒకటి ఉండేది కాబట్టి స్నానం ఆగేది కాదు. కరెంటు పోయినా హాల్లో మంట మండేది. ఇప్పటిది ఫ్యూజు పోతే గోడకు తగిలించిన తెల్లడబ్బా, అంతే.

పాతవన్నీ బంగారమని నేననను. ఆ వెనక బాయిలర్ కాల్చిన గ్యాసులో నూటికి ముప్ఫై వంతుల దాకా వేడి పొగగొట్టంలోంచి ఆకాశానికే పోయేది. పైగా అది గదిలోని గాలినే పీల్చి మండేది. అందుకని గోడకు కన్నం పెట్టి మూయొద్దనేవారు. చలిగాలి వస్తోందని జనం ఆ కన్నంలో పాత పేపర్లు కుక్కేవారు. పొగగొట్టంలో పిట్ట గూడు కట్టినా చాలు, విషవాయువు గదిలోకి తిరిగేది. నిద్రలోంచి లేవని మనుషుల్ని అంబులెన్సు తీసుకొచ్చిన రాత్రులు ఆసుపత్రిలో చూశాను. ఇప్పటి బాయిలర్లు బయటి గాలి తీసుకుని పొగ బయటికే వదులుతాయి, ఇంగ్లండులో కొత్తది బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో మా రోజులకు నేను వకాల్తా పుచ్చుకోను.

ఆ బాయిలర్ కాలం తీరేసరికి మా అబ్బాయి ఉద్యోగస్తుడయ్యాడు. "నాన్నా, ఇంకా ఆ రాగి కాగు ఎందుకు? కాంబీ పెట్టించండి, కావాల్సినప్పుడు కావాల్సినన్ని వేణ్ణీళ్ళు" అన్నాడు. సిలిండర్ పీకారు, అటక మీది తొట్టి పీకారు. ఖాళీ అయిన అరలోకి మా ఆవిడ ఆవకాయ జాడీలు, బియ్యం బస్తాలు చేరాయి.

కావాల్సినన్ని అన్నాడు గదా, లెక్క చూద్దాం. చలికాలంలో ఇక్కడ కుళాయి నీళ్ళు 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని 40కి తేవాలంటే 24 కిలోవాట్ల కాంబీ నిమిషానికి పది లీటర్లు కూడా పూర్తిగా ఇవ్వలేదు. పైన ఒకరు షవర్ కింద నిలబడితే కింద ఇంకొకరు గిన్నెలు కడగకూడదు. ఆ సేపు రేడియేటర్లు కూడా చల్లబడుతూ కూర్చోవాలి, ఎందుకంటే కాంబీ ఒకసారికి ఒక పనే చేస్తుంది. అందుకే 30, 35 అంటూ పెద్దవి అంటగడతారు. అంత పెద్దది స్నానం కోసం. ఇల్లు వెచ్చబెట్టడానికి మా ఇంటి లాంటిదానికి బయట మంచు కురుస్తున్న రోజున కూడా ఏడెనిమిది కిలోవాట్లు చాలు. ఏప్రిల్‌లో రెండు మూడు చాలు. అంత కిందికి దిగలేని యంత్రం అంటుకోవడం, ఆరిపోవడం, మళ్ళీ అంటుకోవడం చేస్తూ అరిగిపోతుంది.

ఇక చోటు. కాంబీని వంటింటి వెనక గోడకు తగిలించారు, స్నానాలగదేమో ఇంటి ముందు భాగంలో, మేడ మీద. నడుమ 22 మిల్లీమీటర్ల గొట్టం పది మీటర్లుంటే అందులోనే మూడు లీటర్లకు పైగా నీళ్ళు నిలవుంటాయి. కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆ చల్లారిన నీళ్ళు మోరీ పాలు. మీటరు లెక్కన నీటి బిల్లు కట్టే ఇంట్లో ఇది ఎవరికీ పట్టదు. కొందరు ఇప్పుడు వంటింట్లో అరమార మిగుల్తుందని బాయిలర్‌ని అటక ఎక్కిస్తున్నారు. దానికి నేల చెక్కలు వేయాలి, దీపం ఉండాలి, కదలని నిచ్చెన ఉండాలి. అన్నీ పెట్టినా, ప్రెషర్ ముల్లు ఒకటి కన్నా కిందికి పడిపోయినప్పుడు నీళ్ళు నింపడానికి డెబ్బై దాటినవాడు రాత్రిపూట నిచ్చెనెక్కాలా?

కారే నీళ్ళ కథ అన్నిటికన్నా గొప్పది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ కండెన్సింగ్ బాయిలర్లే కావాలన్నారు. పొగలో పోయే ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబట్టుకునే రకం. మంచి ఆలోచనే. కానీ నీరంటూ పుట్టాక ఎక్కడికో పోవాలిగా? రోజుకు కొన్ని లీటర్లు, పైగా కాస్త ఆమ్లం, అందుకే ప్లాస్టిక్ గొట్టం. వెనక గోడకు తగిలించినవాడికి సులువు ఏది? గోడకు కన్నం కొట్టి, వేలంత గొట్టం బయటికి వదిలి, గోడ వెంట వేలాడదీశాడు. 2010 డిసెంబరులో మంచు పడింది. గొట్టంలో నీళ్ళు గడ్డకట్టాయి, వెనక్కి ఎగదన్నాయి, బాయిలర్ దానంతటది కట్టేసుకుంది. మా ఒక్క ఇల్లే కాదు, దేశమంతటా ఇదే పాట. పొద్దున్నే మా వీధి వెనకాల చూస్తే తెల్లవాళ్ళు, గుజరాతీలు, పంజాబీలు, నేను, అందరం స్వెటర్ల మీద కోట్లు తొడుక్కుని కెటిల్‌తో గోరువెచ్చని నీళ్ళు గొట్టం మీద పోస్తున్నాం. అభిషేకమే! ఇప్పుడు నిబంధనలు మార్చారు: వీలైతే గొట్టం ఇంటి లోపల నుంచే పోవాలి, బయటికి పోక తప్పకపోతే 32 మిల్లీమీటర్లది వేసి, పొట్టిగా, వాలుగా, పైన తొడుగుతో ఉండాలి. నాయనమ్మ అరటిపాదు లెక్క వీళ్ళకు ఒక చలికాలం గడ్డకట్టాక తెలిసింది.

ఆ కండెన్సింగ్ అయినా నిజంగా జరుగుతోందా? రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆవిరి బాగా నీరవుతుంది. బిగించినవాడు 75, 80 మీద పెట్టి వెళ్ళిపోతాడు. అట్ట మీద రాసిన తొంభై శాతం అట్ట మీదే ఉంటుంది. 2022లో గ్యాసు ధరలు మండిపోయాక, కాంబీ ఉన్నవాళ్ళు 60కి తగ్గించుకోండని ప్రభుత్వమే ప్రచారం చేసింది. తిప్పాల్సింది ఒక్క మర. దాన్ని చూపించే మనిషి గుమ్మం తొక్కితేగా!

ఇప్పుడు మా అబ్బాయి కొత్త పాట ఎత్తుకున్నాడు. హీట్ పంప్. బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం. ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తుందట. పొరుగింటి హద్దుకు మీటరు దూరంలో ఉండాలన్న నిబంధన కూడా ఇంగ్లండులో 2025లో ఎత్తేశారట. యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి. బాగుందిరా, కానీ కరెంటు యూనిట్ ధర గ్యాసుకు నాలుగు రెట్లుందే అంటే "మారుతుంది నాన్నా" అంటాడు. సరే, దానికి ఏమేం కావాలి అని అడిగాను. పెద్ద రేడియేటర్లు కావాలి. నీళ్ళు 45, 50 డిగ్రీలే, రోజంతా నిదానంగా నడవాలి. ఇంకా? కాస్త తటపటాయించాడు. "వేణ్ణీళ్ళకు సిలిండర్ కావాలి."

పీకి పారేయించిన వాడే! నేనేమీ అనలేదు. మా ఆవిడ నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

చివరికి ఒక పిల్ల వచ్చింది, గ్యాసు పనివాళ్ళకు ఉండాల్సిన గ్యాస్ సేఫ్ కార్డు మెడలో వేసుకుని. పాతికేళ్ళుంటాయేమో. ట్యాబ్లెట్ తీయలేదు, టేపు తీసింది. గది గదికీ గోడలు, కిటికీలు కొలిచింది. పక్కింటావిడ వంటిల్లు పెంచుకున్నాక ఆవిడ కిటికీ మా పొగగొట్టానికి ఎంత దగ్గరకొచ్చిందో చూసి, తెరిచే కిటికీకి 300 మిల్లీమీటర్లు వదిలితే నిబంధనకు చాలునేమో గానీ ఆ తెల్లటి ఆవిరంతా ఆవిడ నడిచే దారిలో కొడుతుంది అంది. రేడియేటర్లలో నల్లటి మడ్డి చూపించి, ముందు ఇది కడగాలి, తర్వాత అయస్కాంతపు ఫిల్టరు పెట్టాలి అంది. టీ ఇస్తే తాగింది. ధర ఎప్పుడు చెబుతావమ్మా అంటే "సోమవారం" అంది. నిజంగానే సోమవారం చెప్పింది.

ఆ పిల్ల లెక్క ఇది. కాంబీ వద్దు. చిన్న గ్యాసు బాయిలర్, దాంతో సిలిండర్. బాయిలర్ వంటింట్లోనే, కానీ వెనక గోడ మీంచి పక్క గోడకు, సింకు పైకి. కారే నీళ్ళు లోపల నుంచే సింకు గొట్టంలో కలుస్తాయి, గోడ బయట వేలాడేది ఏమీ ఉండదు. సిలిండర్ మేడ మీద పాత అరలో, స్నానాలగదికి అడుగు దూరంలో. రేపు మావాడి హీట్ పంప్ వచ్చినా అదే సిలిండర్ పనికొచ్చే రకం చూసి వేస్తానంది. మూడు రోజుల పని, ఒక్క రోజు వాళ్ళ కన్నా ఖరీదు ఎక్కువ. మావాడు పెదవి విరిచాడు. నేను సంతకం పెట్టాను.

చిక్కల్లా ఆవకాయ జాడీలతో వచ్చింది. అర ఖాళీ చేయాలంటే వాటిని ఎక్కడ పెట్టను అని మా ఆవిడ. అటక మీద పెడదామన్నాను. "ఎక్కి దింపేది మీరైతే పెట్టండి" అంది. గరాజులో ఒక అరమార కొట్టడానికి ఎంతవుతుందో కూడా కలిపి రాయమని ఆ అమ్మాయికి కబురు పెట్టాను.