నా కడుపులో చిలుము

నేను కొమ్ముచెంబుని. పుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో, ఒక కంచరి కొలిమి దగ్గర. మెట్టింది ఖల్లికోటలో. సారెలో నన్ను తెచ్చుకున్న పెళ్లికూతురికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇప్పుడామెను ఇంటిల్లిపాదీ దాదీ అంటారు. పుట్టిల్లు చిక్కోలు, అంటే శ్రీకాకుళమే, 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదుకు దగ్గర్లో. ఆమదాలవలసలో రైలెక్కాం. ఇచ్ఛాపురం దాటి స్టేషన్ బోర్డుల మీద గుండ్రటి ఒడియా అక్షరాలు కనబడేసరికి ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. "ఏడవకమ్మా, 1936 దాకా ఇదీ అదీ ఒకే గంజాం జిల్లా" అన్నాడు వాళ్ల నాన్న. పుట్టిల్లు వదిలే పిల్లను జిల్లాల లెక్క చెప్పి ఓదార్చేవాళ్లుంటారా? ఆయన ఓదార్చాడు.

నా పని వుజూ. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతులు, చివరికి కాళ్లు. ఒక్కో అవయవం కడిగినప్పుడు దానితో చేసిన తప్పులు ఆఖరి బొట్టుతో పాటు జారిపోతాయని ప్రవక్త మాట. ఆ లెక్కన ఈ ఇంటి మూడు తరాల తప్పులూ నా ధార కిందే జారి పెరట్లో అరటి మొదట్లోకి పోయాయి. అరటి మాత్రం ఏపుగా కాసింది. ఊరి పక్కనే నిర్మలఝర, నీళ్లకు లోటు లేదు. అయినా పిల్లలు నన్ను బోర్లా వంచితే దాదీ ఊరుకోదు. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వుజూ నీళ్లు వృథా చేయొద్దని ప్రవక్త అన్నారని మందలిస్తుంది.

నా పొట్ట మీద ఒక సొట్ట ఉంది. దాని సంగతి చెప్పాలి.

పెళ్లైన పన్నెండో ఏట ఆమె పెనిమిటి పోయాడు. మట్టి చేసి వచ్చిన సాయంత్రం వరసకు పెద్దాయన ఒకాయన గుమ్మంలో నిలబడి "సబర్ చెయ్యి బేటీ, ఓర్చుకో" అన్నాడు. ఆమె చేతిలో నేనున్నాను. ఎత్తి గోడకేసి కొట్టింది. "నీకేం తెలుసు నా బాధ!" అంది. పెద్దాయన తలొంచుకుని వెళ్లిపోయాడు. నేను దొర్లుకుంటూ పోయి తులసికోట లాంటి మా నూతి గట్టుకు తగిలి ఆగాను.

నాలుగో రోజుకు చిక్కోలు నుంచి నాన్న వచ్చాడు. ఈసారి జిల్లాల లెక్క ఎత్తలేదు. సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక ఆడమనిషి కథ చెప్పాడు. ప్రవక్త అటుగా వెళుతూ, దేవుడికి భయపడి ఓర్చుకోమన్నారు. ఆయనెవరో ఆమెకు తెలియదు. "నాకొచ్చిన కష్టం నీకు రాలేదు, వెళ్లు" అని కసిరింది. తర్వాత ఎవరో చెబితే గుండె గుభేలుమని ఆయన గడపకు పరుగెత్తింది. కాపలావాళ్లు ఎవరూ లేరు. ఆయన అన్నది ఒక్కటే: దెబ్బ తగిలిన మొదటి క్షణంలో నిలిచేదే సహనం.

"మరి ఆమెను తిట్టలేదా?" అంది మా పిల్ల.

"తిట్టలేదమ్మా."

ఆమె లేచి వచ్చి నన్ను ఎత్తుకుంది. సొట్ట తడిమింది.

ఆ నాన్నే మరోసారి గజాలీ అనే పండితుడి పేరు తెచ్చాడు. ఆయన ఇహ్యా అనే గ్రంథం నలభై భాగాలు. అందులో సహనానికి విడి భాగం లేదు, కృతజ్ఞతతో కలిపి ఒక్కటే. నాకైతే ఆ ముడి చాలాకాలం అర్థం కాలేదు. ఎందుకంటే కొన్నేళ్లకు ఇంట్లోకి ఎర్ర ప్లాస్టిక్ మగ్గు దిగింది. నన్ను అటకెక్కించారు. చీకట్లో కూర్చుని ఆ మగ్గును ఎంత తిట్టుకున్నానో! అందరి మకిలీ కడిగిన నాకే కడుపులో పచ్చగా చిలుము పట్టింది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. పెంకులన్నీ ఎగిరిపోయాయి. అటక కూలి నేను బురదలో పడ్డాను. తెల్లారి దాదీ వచ్చింది. కప్పులేని ఇంటిని, పడిపోయిన కొబ్బరిచెట్టును చూసింది. పెదవులు వణికాయి. అరవలేదు. చాలాసేపటికి "వుజూకు నీళ్లేవిరా?" అంది. ఎర్ర మగ్గు గాలికి ఎటు పోయిందో దేవుడికే తెలుసు. బురదలో నా కొమ్ము ఆమె కాలికి తగిలింది.

"నువ్వా!" అంది తెలుగులో. నాతో ఎప్పుడూ తెలుగే.

చింతపండు, బూడిద పెట్టి తోమింది. నాలుగు రోజుల్లో బక్రీదు. టార్పాలిన్ కింద నమాజుకు నా ధారే దిక్కయింది.

చలికాలంలో బరంపురం వైపు నుంచి సైకిలు మీద కళాయి సాయిబు వచ్చాడు. ఇసుకతో లోపల గీకి, పట్టకారుతో నిప్పుల మీద పెట్టాడు. నేను ఎర్రబడే వేళకు చిటికెడు నవసాగరం చల్లితే గుప్పున తెల్లటి పొగ. తగరం కడ్డీ తాకించగానే అది పాలచుక్కలా కరిగింది. పుల్లకు చుట్టిన దూదితో గిర్రున తిప్పాడు. వెంటనే నీళ్ల తొట్టిలో ముంచితే సుయ్ మని అరిచాను. సహనం గురించి అన్ని విన్నదాన్ని, అరిచాను.

పక్కన మనవరాలికి దాదీ చెబుతోంది. మనసులకూ ఇనుములాగే తుప్పు పడుతుందట. దాన్ని వదిలించేవి చావును తలుచుకోవడం, ఖురాన్ చదవడం అని ప్రవక్త మాటగా చెబుతారు. దాదీ అర్థం కోసం తెలుగులోనే చదువుతుంది. మొదట ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చినాయన చిలుకూరి నారాయణరావు అనే పండితుడని ఆమెకు గొప్ప.

మనవరాలు నన్ను ఎండకెత్తి ఒంటికన్నుతో లోపలికి చూసింది. కొమ్ము మొదట్లో జిడ్డు పోనిచోట తగరం అంటలేదు, నల్లమచ్చ ఉండిపోయింది.

"దాదీ, ఇక్కడ పోలేదు."

"అలాగా? రేపు మళ్లీ తోముదాంలే. ముందు నీళ్లు పట్టుకురా, అసర్ నమాజు వేళయింది."