ఐక్యత వర్ధిల్లాలి, అద్దె మేడల మీద

మా సంఘంలో విభేదాల్లేవు. విభేదించినవాళ్లంతా వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్న విశాఖ మధురవాడ కార్‌షెడ్ జంక్షన్ నుంచి మిథిలాపురి కాలనీ సందుల్లోకి నడిచి చూడండి. కింద రంగుల కొట్టు, పైన ఆరాధన. ఎదురు మేడ మీద ఇంకో ఆరాధన. రెండు స్పీకర్లూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ అరుస్తుంటాయి. గుంటూరు లూథరన్లు, బొబ్బిలి బాప్టిస్టులు, గోదావరి జిల్లాల దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వాళ్లు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, అందుకే ఇన్ని మందిరాలని మీరు సరిపెట్టుకుంటారు. అమాయకులు! వాటిలో కొన్ని సువార్త వల్ల పుట్టాయి, కొన్ని లెక్కల పుస్తకం వల్ల పుట్టాయి.

ఈ రెండో రకం పుట్టుక ఎలా ఉంటుందంటే, ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. రిటైరైన ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "అయ్యగారూ, స్లాబు కానుకల లెక్క ఒకసారి చూపిస్తే బాగుంటుందండీ" అంటాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. అయ్యగారు కళ్లు మూసుకుంటారు. కాసేపటికి తెరిచి, "బ్రదర్, ఈమధ్య మీ ప్రార్థనా జీవితం ఎలా ఉందండీ?" అని ఎంతో ప్రేమగా అడుగుతారు. సిమెంటు బస్తాల సంగతి అడిగినవాడు తన ఆత్మ సంగతి చెప్పుకోవాల్సి వస్తుంది. "ప్రార్థనతో ముగిద్దాం" అంటాడు ఇంకొకాయన. ముగుస్తుంది.

పై ఆదివారం వాక్యం సంఖ్యాకాండం 16. మోషే మీద తిరగబడ్డ కోరహును భూమి నోరు తెరిచి మింగిన ఘట్టం. అయ్యగారు ఎవరి పేరూ ఎత్తరు. చూపు మాత్రం మూడో వరసలో ఒక కుర్చీని వదలదు. స్త్రీల కూడికలో అమ్మగారు "ఆ కుటుంబం కోసం" కన్నీళ్లతో ప్రార్థించమంటారు. సంగతి తెలియనివాళ్లకు ప్రార్థనాంశంలోనే పూర్తి వివరాలు అందుతాయి. ఫ్లెక్సీలో పెద్దమనిషి ఫొటో మాయమవుతుంది. ఇక ఆయనకూ దేవుడి పిలుపు వస్తుంది: పది కుటుంబాలు, ఒక కీబోర్డు, ఒక అద్దె మేడ. కొత్త బోర్డు మీద ఐక్యత అనే మాట తప్పనిసరి. రెండేళ్లు తిరక్కుండానే అక్కడా ఎవరో లెక్క అడుగుతారు. ఈసారి కళ్లు మూసుకునేది ఆయనే.

పెద్ద సంఘాలకు మేడలు చాలవు, కోర్టులు కావాలి. 1927లో ఏర్పడ్డ ఆంధ్రా ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో పీఠం తగవులు కోర్టు మెట్లెక్కిన కథ గుంటూరులో ప్లీడర్లకు కొత్త కాదు. సహోదరులు బయటివాళ్ల న్యాయస్థానానికి పోవడమేమిటని పౌలు కొరింథు సంఘానికి పెట్టిన చీవాట్లు మనవాళ్లకు కంఠతా వచ్చు. వకాల్తా మీద సంతకం పెట్టేటప్పుడే మరుపు. చివరికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 23వ సెక్షన్ కూడా మధ్యవర్తిత్వానికి దారి చూపిస్తుంది. సర్కారు కాగితానికి ఉన్న సువార్త జ్ఞానం మనకు లేకపోయింది! మత్తయి 18 ప్రకారం తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, ఆ తర్వాత ఒకరిద్దర్ని తీసుకెళ్లాలి, చివర్లో సంఘానికి చెప్పాలి. మనం వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టి వాడికి తప్ప అందరికీ చెబుతాం.

అసలు మన జబ్బు పోట్లాట కాదు, పోట్లాడటం చేతకాకపోవడం. యెరూషలేము తొలి సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. ప్రార్థనా జీవితం గురించి అపొస్తలులు ఎవర్నీ ఆరా తీయలేదు. ఏడుగుర్ని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఎవరు ఫిర్యాదు చేశారో వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. మన దగ్గరైతే ఆ ఏడుగురూ అయ్యగారి బావమరుదులయ్యేవారు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందూ నిలదీశాడు. పేతురు అలిగి పక్క వీధిలో మేడ అద్దెకు తీసుకోలేదు.

అంత వెనక్కి అక్కర్లేదు, మన డోర్నకల్ బిషప్ అజరయ్యనే తీసుకోండి. 1919లో తరంగంబాడిలో కూడిన సభలో ఐక్యత కోసం నడుం కట్టినవాళ్లలో ఆయన ముందున్నారు. బిషప్పులు ఉండాలా వద్దా, బిషప్ చెయ్యి పడని పాస్టరు పాస్టరేనా అని ఆంగ్లికన్లు, దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్లు, తర్వాత కలిసిన మెథడిస్టులు 28 ఏళ్లు బహిరంగంగా, రాతపూర్వకంగా వాదించుకున్నారు. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సీఎస్ఐ పుట్టింది. అప్పుడు కూడా నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది ససేమిరా అన్నారు. వాళ్లను భూమి మింగలేదు. 1975లో నంద్యాల డయాసిస్ తనంతట తానే వచ్చి చేరింది. అదీ సరిగ్గా మరో 28 ఏళ్లకు! ఆ సీఎస్ఐ కూడా తర్వాత్తర్వాత మోడరేటర్ ఎన్నిక తగవును మద్రాసు హైకోర్టు దాకా లాక్కెళ్లిందనుకోండి. తాతలు నేతులు తాగారు, మనం మూతులు వాసన చూసుకుంటున్నాం.

కాబట్టి సంఘ పెద్దలకు మనవి. లెక్క అడిగినవాడి ముందు లెక్కల పుస్తకం పెట్టండి. కాదన్నవాడి మాటను మినిట్స్‌లో కాదన్నట్టుగానే రాయండి. వాడు వచ్చే ఆదివారం అదే కుర్చీలో కూర్చునేలా చూడండి. ఆ తర్వాత ప్రార్థన చేయండి. దేనికోసం చేస్తున్నామో దేవుడికి ఎలాగూ తెలుసు, అప్పుడు మనకూ తెలుస్తుంది.