కాశీలో వదిలే కూరలు

మన ఇళ్లలో కుర్రాడెవడైనా దేవుణ్ణి నమ్మనంటే పెద్దవాళ్లు అంతగా కంగారుపడరు. వయసు అలాంటిది, నలభై దాటాక వాడే గుడి మెట్లెక్కుతాడని ఊరుకుంటారు. అదే కుర్రాడు పొట్లకాయ తిననంటే మాత్రం కంచం ముందే పంచాయతీ మొదలవుతుంది. ఎందుకు తినవు, మీ నాన్న తినడం లేదా, పోనీ పెరుగుపచ్చడి చేస్తే తింటావా, రేపు అత్తారింట్లో పెడితే ఏం చేస్తావురా అని ఒకరి తర్వాత ఒకరు వాయిస్తారు. నాకు పెళ్లయి చాలా ఏళ్లయింది. అత్తారింట్లోనూ తినడం లేదు.

నా సంగతి దాచడమెందుకు. పొట్లకాయ, సొరకాయ, బచ్చలికూర, చామదుంపల పులుసు, సగ్గుబియ్యం పాయసం, పాల మీద మీగడ నాకు వద్దు. ఉప్మా వద్దు, జీడిపప్పులు ఎన్ని గుచ్చినా వద్దు. కాకరకాయ వేపుడు తింటాను, పులుసు తినను. వంకాయ లేతదై గుత్తిగా వస్తే తింటాను, గింజ కనిపిస్తే కంచం జరుపుతాను. గోంగూర మాత్రం పప్పులో, పచ్చడిలో, పులుసులో ఎలా వచ్చినా కాదనను. ఆ ఒక్క కారణానికే నన్నింకా తెలుగువాళ్ల లెక్కలో ఉంచారు.

నేను గమనించిందేమిటంటే, మన దగ్గర తినకపోవడం తప్పు కాదు. కారణం చూపించకుండా తినకపోవడం తప్పు. మా పెద్దమ్మ వంకాయ ముట్టదు. ఒళ్లంతా దద్దుర్లు వస్తాయంటుంది. ఆ దద్దుర్లు చూసినవాళ్లు మా వంశంలో ఒక్కరూ లేరు, అయినా పెళ్లిళ్లలో ఆవిడ కోసం విడిగా దొండకాయ వేపుడు చేయిస్తారు. మా బాబాయి కార్తీకమాసం నెలంతా ఉల్లిపాయ తినడు. సాయంత్రం బండి దగ్గర కొన్న పకోడీలో ఉల్లిపాయ ఉందికదా అంటే, అది బయటిదంటాడు. ఆయన్నీ ఎవరూ ఏమీ అనరు, పైగా నిష్ఠాపరుడని పేరు. వాతం, వేడి, అరక్కపోవడం, శనివారం, మొక్కు, డాక్టరు వద్దన్నాడు... ఇవన్నీ చెల్లుబాటయ్యే నోట్లే. ‘నాకు నచ్చదు’ ఒక్కటే ఎక్కడా మారని నోటు.

మా ఆఫీసులో ఒక మిత్రుడు ఈ విద్యలో నాకు గురువు. పొట్లకాయ, కోడిగుడ్డు ఒకే పూట తినకూడదని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఇంట్లో పొట్లకాయ తరుగుతున్న చప్పుడు వినపడగానే ఈయన వీధి చివరి కొట్టుకు పోయి రెండు ఉడకబెట్టిన గుడ్లు తినేసి వస్తాడు. భోజనాల వేళకు “అయ్యో, పొట్లకాయా! ఇప్పుడే గుడ్డు తిన్నానే” అని నొచ్చుకుంటాడు. వాళ్లావిడ ఆవకాయ జాడీ తీస్తుంది. ఆ నొచ్చుకోవడంలోనే ఉంది ఆయన పనితనమంతా.

నాకంత నేర్పు లేదు. పెళ్లయిన కొత్తలో సంక్రాంతికి వెళ్తే మా అత్తగారు పొట్లకాయ పాలుపోసి వండారు. కొత్త అల్లుణ్ణి, నచ్చదని ఎలా అనను? “గ్యాసండీ” అన్నాను. ఆవిడ ముఖంలో కలిగిన జాలి చూసి గెలిచాననుకున్నాను. మర్నాడు అందరికీ గారెలు, బూరెలు, పులిహోర వడ్డించి, నా దగ్గరకొచ్చేసరికి గరిటె ఆగింది. “మీకు వద్దులెండి బాబూ, మినప్పప్పు, శనగపప్పు అసలే గ్యాసు” అని గిన్నెడు బార్లీ జావ తెచ్చిపెట్టారు. పక్కన మా తోడల్లుడు బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటూ నాకేసి చూసిన చూపు పండగ మూడు రోజులూ వెంటాడింది. అప్పటినుంచి చెప్పే జబ్బు ఏ వంటకాలదాకా పాకుతుందో ముందే లెక్క చూసుకుంటున్నాను.

పిల్లలకు ఈ జబ్బుల సౌకర్యం కూడా లేదు. వాళ్ల దగ్గరకొచ్చేసరికి ప్రతి కూరకూ ఒక వరం తగిలిస్తారు. బెండకాయ తింటే లెక్కలొస్తాయి, తోటకూర తింటే రక్తం పడుతుంది, క్యారెట్టు తింటే కళ్లజోడు రాదు. మా ఇంట్లో బెండకాయ వారానికి మూడుసార్లు వండేవారు. మూడు నెలల పరీక్ష మార్కులు చూసి మా లెక్కల మాస్టారు పిలిపిస్తే, మా అమ్మ ఆయన్నే నిలదీసింది: “నా వంతు నేను చేస్తూనే ఉన్నానండీ!”

నిజానికి పిల్లలు కొత్త తిండిని చూసి మొరాయించడంలో వింతేమీ లేదు. రెండేళ్ల నుంచి ఆరేళ్లలోపు ఈ మొండితనం బాగా ఎక్కువగా ఉంటుందని పిల్లల తిండి అలవాట్లను పరిశీలించినవాళ్లు చెబుతారు. నడక వచ్చి, అమ్మ చెయ్యి వదిలి, కనపడిన ఆకూ కాయా నోట్లో పెట్టుకునే వయసది. ఆ వయసులో తెలియని రుచిని ఉమ్మేసిన పిల్లలే ఆదిమకాలంలో బతికి బట్టకట్టి ఉంటారని ఒక వాదన. ఇది చదివినప్పుడు నా గుండె ఉప్పొంగింది. తోటివాళ్లు అడవిలో ఏ విషపు కాయో తిని పోతుంటే, మా మూలపురుషుడు ముక్కు చిట్లించి పక్కకు నెట్టాడన్నమాట.

ఇంకో ఆధారమూ దొరికింది. 1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడిని సీసాలో పోస్తుంటే కొంత గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి అబ్బ, ఎంత చేదో అన్నాడు. దగ్గరగా ఉండి పోస్తున్న ఫాక్సుకు ఏ రుచీ తెలియలేదు. నువ్వు తప్పంటే నువ్వు తప్పనుకుని, మళ్లీ నాకి చూసి, ఊళ్లోవాళ్లందరి చేతా నాకించి చూస్తే, కొందరికి భరించలేనంత చేదు, కొందరికి ఏమీ లేదు. ఈ తేడా పుట్టుకతో వచ్చేదేనని తరవాత తేలింది, దానికి మూలమైన జన్యువును 2003లో పట్టుకున్నారు. కొత్తిమీర సబ్బు వాసనంటూ మా మరదలు ఏరి పారేస్తే మేమంతా వగలనుకునేవాళ్లం. కొత్తిమీర వాసనకు కారణమైన ఆల్డిహైడ్ల జాతివే సబ్బుల్లోనూ ఉంటాయి. కొందరి ముక్కులు వాటిని ఎక్కువగా పసిగట్టడం వెనక కూడా కొంత జన్యువుల పాత్ర ఉందని 2012లో ఒక పరిశోధన చెప్పింది.

ఇదంతా మా అమ్మకు ఓపిగ్గా వివరించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, “అయితే మీ నాన్నగారి తరఫునుంచి వచ్చుంటుంది” అంది.

చామదుంపల విషయంలో కూడా నా వైపు న్యాయం ఉంది. చామ, కంద దుంపల్లో కాల్షియం ఆగ్జలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. సరిగ్గా ఉడక్కపోతే గొంతంతా దురద. చింతపండు పులుసు పోసి వండటం అందుకే. సొరకాయ చేదుగా ఉంటే ఇంకా ప్రమాదం. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు విషపదార్థాలు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలమీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. రసం తీసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడమని, చేదుంటే పారేయమని భారత వైద్య పరిశోధనా మండలి నిపుణులే చెప్పారు. ఈ మాట కూడా చెప్పాను. అమ్మ లేచి, ఆ పూట సొరకాయలోంచి ఒక ముక్క కోసి నమిలి, “చేదు లేదు, కూర్చో” అంది. మా అమ్మ దగ్గర శాస్త్రం ఎప్పుడూ గెలవలేదు.

శాస్త్రం ఆదుకోనప్పుడు సాహిత్యాన్ని పట్టుకున్నాను. తిండి దగ్గర పేచీ పెట్టేవాళ్లకు తెలుగులో కులదైవం లాంటివాడు శ్రీనాథుడు. విజయనగర సభలో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు. రెడ్డిరాజుల విందులు మరిగిన ఆ నాలుక పల్నాటి వైపు జొన్నకూడు దగ్గర తిరగబడిందని చాటువులు చెబుతాయి. ఆయన పేరు మీద వ్యాపించిన ఒక చాటువులో ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన విషపు పాలు తాగాననీ, కార్చిచ్చు మింగాననీ గొప్పలు పోతావు కానీ, చింతచిగురేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, అప్పుడు తెలుస్తుంది నీ సత్తా అని దాని భావం. ఈ పద్యం తెలిసిన రోజునుంచి బచ్చలికూర విషయంలో నన్నెవరూ కదిలించలేకపోయారు. కంద, బచ్చలి కలిపి ఆవ పెట్టి వండితే గోదావరి జిల్లాలవాళ్లు ప్రాణమిస్తారు. ఇవ్వనివ్వండి, నా ప్రాణం నా దగ్గరుంది.

పురాణం మాత్రం నాకు ఎదురుతిరిగింది. వసిష్ఠుడు ఆబ్దికానికి భోక్తగా పిలిస్తే, విశ్వామిత్రుడు వెయ్యెనిమిది కూరలుండాలని మెలిక పెట్టాడట. అరుంధతి అరిటాకులో కాకరకాయ, నల్లేరు, పనస, మరో ఎనిమిది కూరలు వడ్డించింది. లెక్క అడిగితే కాకర వంద కూరలకు సమానం, నల్లేరు మూడు వందలకు, పనస ఆరు వందలకు, మీద ఎనిమిది అంది. విశ్వామిత్రుడంతటివాడు నోరు మూసుకుని తిన్నాడు. మా ఇంటి పురోహితులు ఈ కథ ఏటా మా తాతగారి తద్దినం నాడు నాకేసి చూస్తూ చెబుతారు. కాకరకాయ పులుసు వద్దన్నప్పుడల్లా నేను ఒక్క దెబ్బకు వంద కూరలు కాలదన్నినట్టని తాత్పర్యం. నల్లేరు మా వంటింట్లోకి రాదు కాబట్టి బతికిపోయాను.

ఇన్ని దారులూ మూసుకుపోయినవాళ్లకు మిగిలింది కాశీ. అక్కడికి వెళ్లినవాళ్లు ఒక కాయో, ఒక పండో వదిలేసి రావాలంటారు. గయలో వదలాలని కొందరు. ఎక్కడ వదిలినా ఇష్టమైనదే వదలాలన్నది నియమం, మోహం తగ్గించుకోవడానికి కదా వదలడం. మా చుట్టాల్లో కాశీ వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఏం వదిలారో కూర్చుని లెక్క తీశాను. కాకరకాయ వదిలినవాళ్లు, సొరకాయ వదిలినవాళ్లు, పొట్లకాయ వదిలినవాళ్లు, వెలగపండు వదిలినవాళ్లు ఉన్నారు. షుగరొచ్చాక సపోటా వదిలిన మామయ్య ఉన్నాడు. మామిడిపండు వదిలినవాడు ఒక్కడు లేడు. ఆవకాయ వదిలినవాళ్లను నేనే కాదు, మీరూ చూసి ఉండరు. విశ్వనాథుడు అన్నపూర్ణ భర్త కాబట్టి సరిపోయింది. ఏళ్ల తరబడి తెలుగువాళ్లు తెచ్చి పడేస్తున్న ఈ సొరకాయలన్నీ ఆవిడే ఎలాగో సర్దుబాటు చేస్తుండాలి.

నియమం ప్రకారం వదిలింది మా అమ్మమ్మ ఒక్కతే. ఆవిడకు గుత్తివంకాయంటే ప్రాణం, దాన్నే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత కూడా మాకు వండిపెట్టేది, ఉప్పు చూడకుండానే. ఉప్పు ఎప్పుడూ తప్పలేదు. ఆవిడ వదిలిన వాటా కూడా మేమే తినేవాళ్లం. ఆ పుణ్యంలో మాకెంత వస్తుందో ఎప్పుడూ అడగలేదు.

కాశీ వెళ్లొచ్చినవాళ్ల దర్జాయే వేరు. కూర గిన్నె దగ్గరకు రాగానే అరచెయ్యి అడ్డంపెట్టి “కాశీలో వదిలేశామండీ” అంటారు. వడ్డించేవాళ్లు గిన్నెతో సహా వెనక్కి తగ్గుతారు. ఒక్క ప్రశ్న ఉండదు. పైగా చేతులు జోడించినా జోడిస్తారు. ఏ కూర తిననందుకు చిన్నప్పుడు వీపు మీద దరువులు పడ్డాయో, అదే కూర తిననందుకు అరవయ్యేళ్లకు దణ్ణాలు పెట్టించుకోవడం! నాకింతకంటే మోక్షం ఏం కావాలి?

అందుకని ఈమధ్య మా ఆవిడతో కాశీ ప్రయాణం ప్రస్తావన తెచ్చాను. భక్తి అనుకుని ముందు సంతోషించింది. నాలుగు నిమిషాల్లో అసలు సంగతి కనిపెట్టేసింది. “పొట్లకాయ వదలడానికి వీల్లేదు. తిననిదాన్ని వదలడమేంటి, నాది కాని పొలం దానమిచ్చినట్టు? గోంగూర వదులుతానంటే చెప్పండి, టికెట్లు తీస్తాను” అంది. మా అమ్మ పక్కనుంచి “పండేమో బంగినపల్లి వదలమను” అని అందించింది. అత్తాకోడళ్లు ఒక్క మాట మీద ఉండగా మా ఇంట్లో నేను చూడటం అదే మొదటిసారి.

కాబట్టి ప్రయాణం ప్రస్తుతానికి వాయిదా పడింది. చదువుతున్న మీలో ఎవరైనా కాశీ వెళ్తుంటే నాదొక మనవి. ఒకరి తరఫున ఇంకొకరు పొట్లకాయ వదిలే పద్ధతేమైనా ఉందేమో అక్కడి పురోహితుల్ని కనుక్కోండి. గోత్రనామాలు చెబుతాను, దక్షిణ ఎంతైనా సరే ఇచ్చుకుంటాను. వీలైతే సొరకాయ కూడా కలిపి అడగండి.